కొండదారి బండికి తోడు బండి

రోడ్డు లేని చోట నడవడానికి పుట్టిన వాహనం ఉన్న ఇంట్లో దానికి తోడుగా ఏ వాహనం ఉండాలన్న ప్రశ్న, ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలం నుంచి తయారీదారులనూ కొనుగోలుదారులనూ వదలకుండా వెంటాడుతూనే ఉంది. వాగులు, రాళ్లగుట్టలు, బురదనేలలు దాటే జీపు తారు రోడ్డు మీద మోత, కుదుపు, పెట్రోలు ఖర్చు తప్ప ఇంకేమీ ఇవ్వదు. తారు రోడ్డు మీద హాయిగా సాగే కారు మట్టిబాట ఎక్కిన కాసేపటికే అడుగు రాయికి తగిలి నిలిచిపోతుంది. ఈ రెండు గుణాలనూ ఒకే బండిలో ఇమిడ్చే ప్రయత్నాలు జీపుతో పాటే మొదలయ్యాయి కానీ, వాటిలో చాలా వరకు కాలక్రమంలో కారు వైపే మొగ్గాయి, అలా మొగ్గినప్పుడల్లా మళ్లీ ఒక మొరటు బండి అవసరం పడింది. ఆఫ్‌రోడింగ్, అంటే దారి లేని నేల మీద కావాలని బండి నడిపే అభిరుచి, ఈ చరిత్రలో ఆలస్యంగా వచ్చి చేరినదే. దానికి ముందు సైన్యం ఉంది, సైన్యం తరువాత సేద్యం ఉంది.

1940లో అమెరికా సైన్యం తేలికపాటి గస్తీ వాహనం కోసం కంపెనీలను పిలిచినప్పుడు, ఆర్థికంగా చితికిపోయి ఉన్న బాంటమ్ అనే చిన్న సంస్థ కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు చేత నమూనా గీయించి, ఆ ఏడాది సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని క్యాంప్ హోలాబర్డ్‌లో తొలి బండిని అప్పగించింది. యుద్ధానికి కావలసినన్ని బండ్లు తయారుచేసే శక్తి ఆ సంస్థకు లేదని భావించిన సైన్యం పనిని ప్రధానంగా విల్లిస్, ఫోర్డ్ కంపెనీలకు అప్పగించగా, 1945 నాటికి అవి రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగుస్తూనే విల్లిస్ సంస్థ అదే బండిని సీజే-2ఏ పేరుతో రైతులకు అమ్మకానికి పెట్టింది. అంతటితో ఆగకుండా 1946లో, బ్రూక్స్ స్టీవెన్స్ రూపకల్పనలో, కుటుంబమంతా కూర్చునే ఉక్కు బాడీ గల స్టేషన్ వ్యాగన్‌ను బజారులోకి తెచ్చింది. ముఖం జీపుదే అయినా ఈ వ్యాగన్‌కు మొదట్లో వెనుక చక్రాలకే ఇంజను బలం అందేది. నాలుగు చక్రాలకూ బలం అందే రకం 1949లో గాని రాలేదు. పొలానికొకటి, పట్నానికొకటి అన్న విభజనను తయారీదారే స్వయంగా గుర్తించి, రెండు బండ్లనూ తానే అమ్మజూపిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి.

ఒకే జీపు రెండు పనులూ చేయలేకపోవడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఏ వాహనమైనా మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే గేర్‌బాక్సు నుంచి వచ్చిన బలాన్ని ముందు వెనుక ఇరుసులకు పంచే రెండో గేర్ల పెట్టె, ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు ఇరుసులనూ ఒకే వేగానికి కట్టేస్తుంది. బురదలోనో ఇసుకలోనో చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది కానీ, పొడిగా ఉన్న తారు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా గేర్ల పళ్ల మీద పడుతుంది. అందుకని రోడ్డెక్కగానే ముందు ఇరుసుకు బలం ఆపేయాలి. ఆపేసినా ముందు చక్రాలతో పాటు ఆ ఇరుసులోని గేర్లు, షాఫ్టు ఊరికే తిరుగుతూ అరిగిపోతుంటాయి, ఇంధనమూ వృథా అవుతుంది.

1948లో ఆర్థర్ వార్న్ అనే వ్యాపారి అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో మొదలుపెట్టిన సంస్థ ఈ చిక్కును పట్టుకునే ఎదిగింది. సైన్యం వదిలించుకున్న జీపుల ముందు చక్రాల నడుమ బిగించే లాకింగ్ హబ్బులను అది తయారుచేసింది. బురద మొదలయ్యే చోట డ్రైవరు దిగి, ఒక్కో ముందు చక్రం దగ్గరా వంగి, హబ్బు మీది మరను చేత్తో తిప్పితే చక్రం ఇరుసుతో కలుస్తుంది. తిరిగి తారు రోడ్డు చేరాక మళ్లీ దిగి వెనక్కి తిప్పితే చక్రం విడివడి, ఇరుసు కదలకుండా ఉండిపోతుంది. అదే సంవత్సరం ఇంగ్లండులో వచ్చిన ల్యాండ్ రోవర్ మరో దారి పట్టింది. దానిలో ముందు ఇరుసుకు ఫ్రీవీల్, అంటే సైకిలు వెనుక చక్రంలో ఉండే తరహాలో ఒకవైపుకే పట్టు ఇచ్చే ఏర్పాటు, అమర్చి, డ్రైవరు కాళ్ల దగ్గర ఉన్న ఉంగరాన్ని పైకి లాగితే అది బిగుసుకునేలా చేశారు. 1950లో ఆ ఏర్పాటును వదిలేశారు. చేతితో తిప్పే హబ్బు మాత్రం దశాబ్దాల తరబడి నిలిచింది. ఈ చిన్న ఇనుప ముక్కను మొరటు బండిని తారు రోడ్డుకు లొంగదీసుకునే తొలి గట్టి ప్రయత్నంగా చెప్పడం సమంజసం.

ల్యాండ్ రోవర్ పుట్టుక వెనుకా ఒక సైనిక జీపే ఉంది. రోవర్ కంపెనీ చీఫ్ ఇంజనీరు మారిస్ విల్క్స్ వేల్స్‌కు చెందిన ఆంగ్లెసీ ద్వీపంలోని తన భూమిలో పాత జీపును వాడుతూ, అది పూర్తిగా పాడైతే దాని స్థానంలో ఏం కొనాలో తెలియక, తమ కంపెనీయే అలాంటి బండి చేయాలన్న నిర్ణయానికి వచ్చాడు. యుద్ధానంతరం ఉక్కుకు రేషన్ ఉన్నందున బాడీకి అల్యూమినియం మిశ్రమం వాడి, 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో బండిని లోకానికి చూపారు. ఆ వెంటనే టిక్‌ఫోర్డ్ సంస్థ చేత తోలు సీట్లు, పూర్తి పైకప్పు గల స్టేషన్ వ్యాగన్ రకాన్ని కట్టించారు. సేద్యపు బండి గనుక మామూలు ల్యాండ్ రోవర్‌కు కొనుగోలు పన్ను లేదు. టిక్‌ఫోర్డ్ రకాన్ని మాత్రం ప్రభుత్వం కారుగా లెక్కించి పన్ను వేసింది. ఆ పన్నుతో ధర పెరిగి, 1951లో ఆగిపోయేలోగా ఆ బండ్లు ఏడు వందలు కూడా తయారు కాలేదు. రెండు బండ్ల పనిని ఒక బండితో చేయించాలన్న ఆలోచన ఇక్కడ గేర్ల దగ్గర కాక పన్నుల దగ్గర దెబ్బతిన్నది.

అమెరికాలో ఈలోగా సరదా మొదలైంది. 1953 ఆగస్టులో కాలిఫోర్నియాలోని జార్జ్‌టౌన్ నుంచి 55 జీపుల్లో 155 మంది సియెరా నెవాడా పర్వతాల మీదుగా రూబికాన్ బాట దాటి తాహో సరస్సు వైపు సాగారు. ఆ జీప్ జాంబొరీ ఏటేటా జరిగే యాత్రగా స్థిరపడింది. బాట ఎంత కఠినమైతే అంత ఘనత అన్న పోటీ పెరిగే కొద్దీ బండ్లకు పెద్ద టైర్లు, మలుపులో చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను బిగించి రెంటినీ కలిపి తిప్పే లాకులు, మరీ నెమ్మదైన గేర్లు చేరాయి. ఇలా మారిన జీపు రాళ్ల మీద అసాధ్యాలు చేయగలదు గాని, బాట మొదలయ్యే చోటికి వందల మైళ్లు నడిచి వెళ్లలేదు, వెళ్లినా విరిగిన ఇరుసుతో ఇంటికి తిరిగి రాలేదు. దాంతో జీపును వెనుక కట్టుకుని లాక్కువెళ్లే పికప్ ట్రక్కు అవసరం పడింది. ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెడితే రెండు ఇరుసులకూ గేర్‌బాక్సుతో సంబంధం తెగిపోతుంది గనుక, ట్రెయిలర్ లేకుండా నాలుగు చక్రాల మీదనే జీపును లాగే పద్ధతి అక్కడ అలవాటైంది. ఈ దశలో తోడు బండికి కావలసిన మొదటి అర్హత లాగే బలం.

ఒకే బండి ఆశ మాత్రం చావలేదు. 1963 మోడల్‌గా వచ్చిన జీప్ వ్యాగనీర్ ఫోర్ వీల్ డ్రైవ్‌తో పాటు ఆటోమేటిక్ గేర్‌బాక్సును కూడా అందించింది. 1967లో టొయోటా తన ల్యాండ్ క్రూజర్ వంశంలో కుటుంబాల కోసం ఎఫ్‌జె55 వ్యాగన్‌ను చేర్చింది. వీటన్నిటిలో సాహసోపేతమైనది 1970 జూన్‌లో వచ్చిన రేంజ్ రోవర్. స్పెన్ కింగ్, గోర్డన్ బాష్‌ఫోర్డ్ దానికి కమాను పట్టీలకు బదులు చక్రాలు బాగా కిందికీ పైకీ ఆడగల కాయిల్ స్ప్రింగులు అమర్చారు. రెండు ఇరుసుల మధ్య మరో డిఫరెన్షియల్ పెట్టడంతో తారు రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందేది. పైన చెప్పిన మలుపు చిక్కు దీనితో తీరిపోయింది. లోపల రబ్బరు చాపలు, ప్లాస్టిక్ సీట్లే ఉండేవి, బురద అయితే గొట్టంతో నీళ్లు కొట్టి కడిగేయవచ్చు.

రోడ్డు మీదా, రోడ్డు బయటా ఒకే బండి చాలునన్న ఈ వాదనకు తొలి కఠిన పరీక్ష 1971-72లో ఎదురైంది. జాన్ బ్లాష్‌ఫోర్డ్-స్నెల్ నాయకత్వంలో రెండు రేంజ్ రోవర్లు అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొస వరకు సాగిన యాత్రలో, పనామా, కొలంబియాల మధ్య రోడ్డే లేని డేరియన్ అడవి దాటడానికి దాదాపు వంద రోజులు పట్టింది. మోయలేని బరువు, మరీ పెద్ద టైర్ల కారణంగా డిఫరెన్షియళ్లు పగిలి ఆ బండ్లు నిలిచిపోయినప్పుడు, ముందు నడిచి దారి వెతికే పనిని ఒక పాత ల్యాండ్ రోవర్ చేసింది. ఆ తరువాత రేంజ్ రోవర్‌కు 1981లో నాలుగు తలుపులు, 1982లో ఆటోమేటిక్ గేర్లు, ఆపైన తోలు సీట్లు వచ్చి అది ధనికుల కారుగా మారిపోయింది. దాని రాకతో అంతరించవలసిన మొరటు ల్యాండ్ రోవర్ డిఫెండర్ పేరుతో 2016 జనవరి 29 వరకు తయారవుతూనే ఉంది. ఒక బండి మరో బండి పనిని పూర్తిగా మింగేయలేదనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు.

భారతదేశంలో కథ వేరుగా నడిచింది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలై, భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడి తొలి ఆర్థిక మంత్రి కావడంతో 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న సంస్థ, 1949లో బొంబాయిలో విల్లిస్ జీపుల విడిభాగాలను కూర్చడం మొదలుపెట్టింది. లైసెన్సుల కాలంలో అంబాసిడర్, ఫియట్ కార్ల కోసమే ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది గనుక, ఒక ఇంట్లో రెండు కార్లన్న మాట కొద్దిమందికి తప్ప ఊహకందేది కాదు. తెలుగు ప్రాంతాల్లో జీపు అంటే పోలీసు జీపు, తహసీల్దారు జీపు, ఎన్నికల ప్రచారం జీపు. సొంతంగా కొన్నవారిలో చాలామంది మిలిటరీ డిస్పోజల్ బండినే కొన్నారు. వానాకాలంలో నల్లరేగడి చక్రాలకు ముద్దలుగా చుట్టుకునే పల్లెల్లో ఆ జీపే ఆ ఇంటి ఏకైక మోటారు బండి, దానికి తోడు ఎద్దుల బండో, ట్రాక్టరో, మోటార్‌సైకిలో. పాడేరు, అరకు వంటి మన్యం ప్రాంతాల్లో జీపులు సంతకు మనుషులనూ మూటలనూ కలిపి మోసేవి. అక్కడ వాటిని నడిపినది అవసరం, సరదా కాదు.

మార్పు మారుతితో వచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800, రెండేళ్ల తరువాత 1985 డిసెంబరులో 970 సీసీ పెట్రోలు ఇంజనుతో జిప్సీ ఒకే కంపెనీ నుంచి వచ్చాయి. 1970 నాటి 359 సీసీ సుజుకి ఎల్‌జె10 వంశంలో పుట్టిన జిప్సీ బరువు తక్కువది. మహీంద్రా డీజిల్ జీపు కూరుకుపోయే బురదలో పైపైన తేలిపోయేది, కూరుకుపోయినా నలుగురు నెడితే బయటపడేది. నాలుగు చక్రాలకూ కమాను పట్టీలే కావడంతో వెనుక బల్లల మీద కూర్చున్నవారి నడుములు మాత్రం పట్టేసేవి. కొండలకు జిప్సీ, ఊళ్లోకి 800, రెంటికీ ఒకే సర్వీసు షెడ్డు అన్న అమరిక ఈ దేశపు తొలి సిసలైన తోడు బండ్ల జంటగా చెప్పదగినది. జబల్‌పూర్ సైనిక కర్మాగారంలో 1969 నుంచి 1999 వరకు తయారైన జోంగాను వేలంలో కొన్నవారికైతే తోడు బండి తప్పనిసరి. దాదాపు 4 లీటర్ల పెట్రోలు ఇంజనును రోజూ ఆఫీసుకు తిప్పడం ఎవరికీ సులభం కాదు.

2010లో వచ్చిన మహీంద్రా థార్ పాత జీపు ఆకారంలోని మొరటు బండి. 2020లో గట్టి పైకప్పు, కాయిల్ స్ప్రింగులు, ఆటోమేటిక్ గేర్లతో అది పట్నవాసపు బండి అయింది. 2023 జనవరిలో వెనుక చక్రాలకే బలం అందే రకం, 2024 ఆగస్టులో అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చాయి. కొండ బండి తానే తోడు బండి కావాలని తపించే పాత కథ ఇక్కడ పదిహేనేళ్లలోనే పునరావృతమైంది. దీనికి చట్టం కూడా ఒక కారణాన్ని చేర్చింది. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుందని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది గనుక, బాటల కోసం బాగా మార్చిన బండిని రోజువారీ రోడ్ల మీద తిప్పడం ఇప్పుడు చిక్కులతో కూడిన పని.

ఈ చరిత్ర అంతా చూశాక కొనుగోలుదారుకు చెప్పగలిగిన తీర్పు ఒకటుంది. మొదటి బండి థార్, మారుతి జిమ్నీ, పాత జిప్సీల్లో ఏదైనా, రెండోదిగా దాని పోలికలో మరొక బండి కొనడం డబ్బు దండగ. ఫోర్ వీల్ లేకపోయినా వానాకాలపు గతుకుల్లో అడుగు తగలనంత ఎత్తు ఉండి, నలుగురూ సామానుతో హాయిగా కూర్చోగలిగి, మండల కేంద్రంలోని మెకానిక్ దగ్గర కూడా విడిభాగాలు దొరికే సాధారణమైన కారు, ఏ మార్పులూ చేయకుండా ఉంచుకోవలసిన కారు, తీసుకోవాలి. కొండ బండి షెడ్డులో విప్పి పడి ఉన్న వారంలో ఇంటిని నడిపేది అదే.