దీపాలు వెలగగానే లేచిపోయారు

ముగింపు ముందే చెప్పేస్తున్నాను. ఆశ పెట్టి చదివించడం ఈ కథకు తగదు.

మన దేశంలో ఒకప్పుడు ఫిల్మ్ సొసైటీలని ఉండేవి. ఊరికో వందమంది కూడేవారు. చందాలు వేసుకునేవారు. దేశదేశాల మంచి సినిమాలు తెప్పించుకుని చూసేవారు. చూశాక ఇళ్ళకు పోకుండా, హాలు వాచ్‌మన్ తాళాల గుత్తి ఆడించేదాకా వాదించుకునేవారు. అవి పోయాయి. వాటి సమాఖ్య పేరు ఇంకా ఉంది. కేరళలో, బెంగాల్‌లో, మరికొన్ని చోట్ల ఆ పని ఇప్పటికీ చేస్తున్నవాళ్ళున్నారు, వాళ్ళకు దండం పెట్టాలి. కానీ ఒక తరానికి చూపు నేర్పిన ఆ ఉద్యమం చాలా ఊళ్ళలో బీరువా అడుగున మినిట్స్ పుస్తకంగా మిగిలింది. దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఎవరూ తలుపులు మూయించలేదు. వచ్చినవాళ్ళు ముందు మాట్లాడటం మానేశారు. తర్వాత రావడం మానేశారు. అంతే జరిగింది. అంత నెమ్మదిగా జరిగింది కాబట్టే ఆపాలని ఎవరికీ తోచలేదు.

మొదలు మాత్రం ఎంత చక్కని మొదలు! 1947 అక్టోబర్. స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలైనా నిండలేదు. దేశవిభజన గాయం ఇంకా పచ్చిగా ఉన్న కలకత్తాలో కొందరు యువకులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. అందులో ఒకరు ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే సత్యజిత్ రాయ్. ఇంకొకరు చిదానంద దాస్‌గుప్తా. తర్వాతి కాలంలో రాయ్ సినిమాలకు కళాదర్శకుడైన బన్సీ చంద్రగుప్త కూడా వాళ్ళలో ఉన్నాడు. తొలి ప్రదర్శనకు సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్' ఎంచుకున్నారు. సినిమా అంటే పెద్దమనుషుల ఇళ్ళలో గౌరవంగా పలికే మాట కాదు అప్పటికి. అలాంటి రోజుల్లో, ఉద్యోగాలు చేసుకుంటూ బతికే కుర్రాళ్ళు కొందరు సినిమాను సంగీతంలాగా, సాహిత్యంలాగా చదవాలని కూర్చున్నారు.

1949లో ఫ్రెంచ్ దర్శకుడు జాఁ రెన్వార్ 'ది రివర్' కోసం చోట్లు వెతుకుతూ కలకత్తా వచ్చినప్పుడు, ఆయన వెంట ఆదివారాలు తిరిగినవాడు ఈ రాయే. 1950లో ఉద్యోగం పని మీద లండన్ వెళ్ళి, అక్కడ 'బైసికిల్ థీవ్స్' చూసి, సినిమా తీస్తే ఇలా తీయాలని నిశ్చయించుకుని తిరిగొచ్చాడు. ఆ నిశ్చయానికి నేల దున్నింది మాత్రం కలకత్తాలో ఆ నలుగురైదుగురి మధ్య నడిచిన మాటలే. రాయ్ తొలి సినిమా 'పథేర్ పాంచాలి' ఒక్క మేధావి తలలోంచి ఊడిపడలేదు. దాని వెనక ఒక సంఘం ఉంది. సంఘం వెనక రాత్రుళ్ళు సాగిన వాదం ఉంది.

తొలి హెచ్చరిక కూడా అక్కడే వినపడింది. 1952లో రాయ్ తన సినిమా మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. సొసైటీ నిద్రపోయింది. ఎవరికీ దాని మీద కోపం లేదు, అందరికీ ప్రేమే. అయినా హాలు మాట్లాడేవాడు, ఉత్తరాలు రాసేవాడు, డబ్బాలు మోసేవాడు లేకపోతే ఎంత ప్రేమైనా ఏం చేస్తుంది? 1956లో మళ్ళీ లేచింది. లేచిందన్న సంతోషంలో, అసలెందుకు పడుకుందని అడగాల్సిన ప్రశ్న అడగలేదు. మొదటి తరం వెళ్ళిపోతే పీట మీద కూర్చునేది ఎవరు? ఈ ప్రశ్నను అప్పుడే, వయసులో ఉండగానే, సావకాశంగా తేల్చుకుని ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదేమో.

1959లో ఊరూరి సొసైటీలు కలిసి భారత ఫిల్మ్ సొసైటీల సమాఖ్యగా ఏర్పడ్డాయి. రాయ్ అధ్యక్షుడు. తర్వాత ఇందిరా గాంధీ కూడా ఉపాధ్యక్షుల్లో ఒకరయ్యారు. విజయా మూలే లాంటివాళ్ళు పాట్నాలో, ఢిల్లీలో ఈ పని భుజాన వేసుకున్నారు. ఆగ్రాలో అర్థశాస్త్రం చెప్పే సతీశ్ బహదూర్ అక్కడ సొసైటీ నడిపి, ఆ అనుభవంతోనే పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి తరాల తరబడి విద్యార్థులకు సినిమా చదవడం నేర్పాడు. 1964లో పూనాలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టింది. అక్కడి పి.కె. నాయర్, దాచిన రీలు దాచినట్టే ఉంటే దండగన్నట్టు, సొసైటీలకు ప్రింట్లు పంపేవాడు. 1965లో తిరువనంతపురంలో అడూర్ గోపాలకృష్ణన్, మిత్రులు 'చిత్రలేఖ' సొసైటీ పెట్టారు. దాని తోబుట్టువుగా పుట్టిన సహకార సంఘమే 1972లో అడూర్ తొలి సినిమా 'స్వయంవరం' నిర్మించింది. చూసినవాళ్ళే తీసేవాళ్ళయిన రోజులవి.

అప్పట్లో ఒక సినిమా ఊరికి రావడమంటే ఎంత తతంగం! ఎంబసీకి ఉత్తరం రాయాలి. జవాబు కోసం ఎదురుచూడాలి. ప్రింటు రైల్లో పార్శిలుగా వస్తుంది. రేకు డబ్బాల్లో రీళ్ళు. కార్యదర్శి ఆఫీసుకు సెలవు పెట్టి స్టేషన్‌కు వెళ్ళి విడిపించుకోవాలి. రిక్షాలో హాలుకు చేర్చాలి. ఆపరేటర్‌ను బతిమాలాలి. ప్రదర్శన అయ్యాక రీళ్ళు తిరగచుట్టించి, తర్వాతి ఊరికి మర్నాడే బండెక్కించాలి, ఎందుకంటే అక్కడ ఇంకో కార్యదర్శి ఇలాగే స్టేషన్‌లో నిలబడి ఉంటాడు. జీతం లేదు. పేరు కూడా పెద్దగా లేదు. హంగరీ సినిమా ఒకటి మన జిల్లా కేంద్రంలో ఒక సాయంత్రం పూట ఆడిందంటే, దాని వెనక ఒక మామూలు గుమాస్తా, ఒక లెక్చరర్, ఒక బ్యాంకు ఉద్యోగి ఆదివారాలు కరిగిపోయి ఉన్నాయి.

ఇంత శ్రమా దేనికి? సినిమాకు కాదు, సినిమా తర్వాతి గంటకు. దీపాలు వెలుగుతాయి. ఒకాయన ముందుకొచ్చి నిలబడతాడు. ఆయన పండితుడే కానక్కర్లేదు. ఆయనకు తెలియాల్సిన విద్య వేరు. గొంతు పెద్దదైనవాణ్ణి మర్యాదగా కూర్చోబెట్టడం తెలియాలి. వెనక వరుసలో నోరు తెరవబోయి మూసుకున్న అమ్మాయిని చూసి, "మీరేదో అనబోయారు, చెప్పండమ్మా" అనడం తెలియాలి. మాట తగువులోకి దిగబోతే తెర వైపు తిప్పడం తెలియాలి. అలాంటి మనిషి ఉన్న ఊళ్ళో సొసైటీ బతికింది. ఆయనకు బదిలీ అయిన ఊళ్ళో ఏడాది తిరక్కుండా చర్చ అనే పదం కరపత్రంలోనే మిగిలింది. ఒకచోట ఇద్దరు మేధావులే గంటంతా మాట్లాడుకుని తక్కినవాళ్ళను తరిమేశారు. ఇంకోచోట ఎవరూ మాట్లాడక, ఆ మౌనానికి సిగ్గుపడి, చర్చనే ఎత్తేశారు. నోరున్నవాడి పెత్తనమూ, నోరు లేనివాళ్ళ మౌనమూ రెండు వైపుల నుంచి ఒకే పని చేశాయి.

తర్వాత వరమొకటి వచ్చింది, దాని కడుపులో శాపాన్ని పెట్టుకుని. సమాఖ్యలోని సొసైటీలు సభ్యులకు చూపే విదేశీ చిత్రాలకు సెన్సార్ నుంచి మినహాయింపు దొరికింది. కళను కత్తెర లేకుండా చూడటానికి అడిగి సాధించుకున్న హక్కది. కానీ ఊళ్ళో పాకిన కబురు వేరు: అక్కడ కోతల్లేని బొమ్మలు వేస్తారట! 1970లలో సభ్యత్వాలు ఉప్పొంగాయి. కార్డులకు సిఫార్సులు పట్టుకొచ్చారు. ఫలానా దృశ్యం కోసం వచ్చినవాళ్ళు ఆ దృశ్యం కాగానే కుర్చీలు చప్పుడు చేస్తూ లేచిపోయారు. దృశ్యమే లేకపోతే చందా తిరిగిమ్మన్నట్టు చూశారు.

కార్యవర్గాలకు ఇది తెలియలేదా? తెలుసు. తెలిసీ ఊరుకున్నాయి. హాలు అద్దె ఆ చందాల్లోంచే వచ్చేది మరి. ఆ మలుపులో ఒక మాట గట్టిగా అనగలిగి ఉంటే! వందమంది పోయినా ఫరవాలేదు, కూర్చునే ఇరవైమంది చాలు అనుకుని ఉంటే! వచ్చిన ఆ వందమందిలోనే పదిమందిని పిలిచి, ఏ ఆశతో వచ్చినా సరే, పక్కన కూర్చోబెట్టుకుని మాట కలిపి ఉంటే! రెండూ జరగలేదు. గుంపును అసహ్యించుకుంటూ, ఆ గుంపు డబ్బుతోనే బండి లాగించారు.

చేజారిన అవకాశం ఇంకొకటుంది. దాన్ని తలుచుకుంటే బాధ మరింత. చాలాచోట్ల చర్చ ఇంగ్లిషులో సాగింది. కరపత్రం ఇంగ్లిషు. ఉపోద్ఘాతం ఇంగ్లిషు. తెర మీద అక్షరాలు సరేసరి. సినిమా చూసి గుండె బరువెక్కిన మనిషి ఆ బరువును దించుకోబోయేసరికి, తనది కాని భాష అడ్డం నిలిచింది. ఇది తప్పని రుజువు చేసిన చోటు పక్కనున్న కర్ణాటకలోనే ఉంది. శివమొగ్గ జిల్లా హెగ్గోడు అనే పల్లెలో కె.వి. సుబ్బణ్ణ నీనాసం సంస్థ ద్వారా రైతులకూ కూలీలకూ ప్రపంచ సినిమా చూపించాడు. కన్నడంలో వివరించాడు. కన్నడంలో మాట్లాడించాడు. పోకచెట్ల నీడన బతికే మనుషులు జపాన్ దర్శకుడు కురొసావాను, 'బైసికిల్ థీవ్స్' తీసిన డిసీకాను తమవాళ్ళుగా చేసుకున్నారు. కేరళలో దర్శకుడు జాన్ అబ్రహాం 1984లో మిత్రులతో 'ఒడెస్సా' సంఘం పెట్టి, ప్రొజెక్టర్ మోసుకుని ఊరూరూ తిరిగి, జనం దగ్గర పోగుచేసిన డబ్బుతోనే 1986లో 'అమ్మ అరియాన్' తీశాడు. మరుసటి ఏడే ఆయన చనిపోయాడు. దారి ఉందని ఇద్దరూ చూపించారు. ఆ దారిన నడిచినవాళ్ళు తక్కువ.

మన తెలుగు నేల మీద కూడా ఈ విత్తనం పడింది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టిన దర్శకుడు శ్యామ్ బెనెగల్ ఉస్మానియాలో చదువుకునే రోజుల్లోనే హైదరాబాద్‌లో ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. 1974లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వచ్చింది. కరీంనగర్ లాంటి జిల్లా కేంద్రంలో కూడా సొసైటీ నడిచింది. సరిగ్గా ఆ కాలంలోనే మృణాల్ సేన్ తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. కలకత్తా నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు నిర్మాణంలో 'మా భూమి' తీశాడు. తర్వాత నర్సింగరావు స్వయంగా 'దాసి' తీశాడు. పంటకు అదును వచ్చిందనిపించిన ఘడియ అది. ఏటా వందకు పైగా సినిమాలు తీసే భాషలో, సినిమా అంటే ప్రాణం పెట్టే జనం మధ్య, ఆ సినిమా గురించి నిదానంగా మాట్లాడుకునే నలభైమంది ఊరికొకచోట ఉంటే ఏమై ఉండేది? అది ఇప్పుడు ఊహకే వదిలేయాలి.

ఆఖరి దెబ్బలు అందరికీ తెలిసినవే. 1982 ఏషియాడ్‌తో రంగుల టీవీ ఇంటికొచ్చింది. వెనకే వీసీఆర్. ఆదివారం మధ్యాహ్నాల్లో దూరదర్శన్ ప్రాంతీయ భాషల చిత్రాలు ఇంటి నట్టింట్లో వేసింది. కోతల్లేని బొమ్మల కోసం వచ్చినవాళ్ళకు వీడియో పార్లర్ దగ్గరైంది. వాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళ చందాలు కూడా వెళ్ళిపోయాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలింది. తూర్పు యూరప్ ఎంబసీల నుంచి ఉచితంగా వచ్చే రీళ్ళ దారి మూసుకుపోయింది. అప్పటిదాకా పరాయి దేశాల దయ మీద నడిచామని, సొంతంగా కొన్న ప్రింటు ఒక్కటైనా తమ దగ్గర లేదని చాలా సొసైటీలకు అప్పుడు తెలిసింది. 1992లో రాయ్ కన్నుమూశాడు.

నేరమంతా టీవీ మీద వేయడం తేలిక. కానీ కేరళ ఇళ్ళల్లోకి మాత్రం టీవీ రాలేదా? అక్కడ కొన్నిచోట్ల సొసైటీలు నిలబడ్డాయి కదా. వీడియో క్యాసెట్టును శత్రువనుకోకుండా చేతిలోకి తీసుకుని ఉంటే, అద్దె హాలు బదులు లైబ్రరీ గదిలో ఇరవై కుర్చీలు వేసి ఉంటే, రైలు పార్శిళ్ళ బాధే తీరిపోయేది. సినిమా సంపాదించడం తేలికైన రోజునే సొసైటీ అసలు పని మొదలు కావాల్సింది, ఎందుకంటే ఇక మిగిలింది మాట్లాడుకోవడమే. ఆ పని చేసే అలవాటు అప్పటికే పోయింది. టీవీ వచ్చి ఖాళీ ఇంటి తలుపు తట్టింది.

చివరి ఏళ్ళలో చాలా ఊళ్ళలో మిగిలింది కార్యదర్శి ఒక్కడే. పాతికేళ్ళ వయసులో ఆ పని తీసుకున్నవాడు యాభై దాటినా అదే పనిలో ఉన్నాడు. ప్రతి సర్వసభ్య సమావేశంలో, కోరం ఉన్నా లేకపోయినా, చప్పట్ల మధ్య మళ్ళీ ఆయన్నే ఎన్నుకున్నారు. ఆ చప్పట్లలో గౌరవం కొంత, మన నెత్తిన పడలేదన్న ఊరట ఎక్కువ. "మీరుండగా మాకేం బెంగ సార్" అన్నారు. ఆయన పిల్లల పెళ్ళిళ్ళు చేశాడు, రిటైరయ్యాడు, మోకాళ్ళ నొప్పులతోనూ హాలు మెట్లెక్కాడు. ఆయన్ని ఎవరూ అవమానించలేదు. సాయం మాత్రం చేయలేదు. ఆయన కోసం ఏడవాలనిపిస్తే ఏడవండి, తప్పులేదు. కానీ ఆయనలో ఒక లోపమూ ఉంది. తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టే ధైర్యం ఆయనకూ లేకపోయింది. కుర్రవాడొకడు ముందుకొస్తే, వీడికేం తెలుసని జంకాడు. ఇవ్వలేనివాడూ అడగనివాళ్ళూ కలిసి, ఒకరి మీద ఒకరికి ప్రేమతోనే, ఆ సంఘాన్ని కాటికి మోశారు.

సినిమాలు లేక సొసైటీలు పోలేదు. ఈనాడు ప్రపంచ సినిమా అంతా జేబులో ఉంది. చూసేవాళ్ళు లేకా పోలేదు. చందా కట్టడమే సభ్యత్వం అనుకున్నందుకు, చూడటమే పాల్గొనడం అనుకున్నందుకు పోయాయి.

సినిమాలకే కాదు, ఈ తీర్పు పద్యానికీ, చదరంగానికీ, పక్షుల్ని చూసే సరదాకీ, నాటకానికీ వర్తిస్తుంది. మీ ఊళ్ళో అలాంటి సంఘం ఏదైనా ఇంకా ఊపిరితో ఉంటే, ఈ నెల సమావేశానికి వెళ్ళండి. అయ్యాక లేచిపోకండి. తోచిన మాట, తప్పైనా సరే, ఒకటి మాట్లాడండి. ఆ తర్వాత కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, వచ్చే నెల పనిలో సగం నాకివ్వండని అడగండి. ఆయన ఇవ్వనంటే మళ్ళీ అడగండి.