నీటిని విడిచిన నావలు

ఇబ్రహీంపట్నమునకు సముద్రము చాల దూరము. హైదరాబాదునుండి నాగార్జునసాగరము పోవు బాటలో, నగరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న మా ఊరిలో జలమన్నచో పెద్దచెరువే. నావ యన్నచో గంగపుత్రుల తెప్పయో, పుట్టియో. అట్టి ఊరివారమైన మేము కొందరము కొంతకాలముగ ఒక విచిత్రమైన వ్యసనమునకు లోబడినాము. ప్రపంచమున ఏ మూల తెరచాప పడవల పందెము జరిగినను, అందును నీటిపై తేలక నీటికి పైగా ఎగురుచు పోవు పడవల పందెమైనచో, పని మానుకొని తెర ముందు కూర్చుందుము. ఈ పడవల అడుగున రెక్కలవంటి సాధనము లుండును. వానికి ఫాయిల్స్ అని పేరు. మేము వానిని నీటిరెక్కలని పిలుచుకొందుము.

చెరువుగట్టు మనుష్యులకు ఈ సముద్రపు వినోదముతో ఏమి సంబంధమని ఇరుగుపొరుగువారు పరిహసింతురు. ఆ ప్రశ్నకు సమాధానము చరిత్రలోనే యున్నది. పడవను నీటినుండి పైకెత్తిన ఘనత మహాసముద్రములకంటె సరస్సులకును, పెద్ద ఓడలకంటె చిన్న దోనెలకును ఎక్కువగ చెందుచున్నది.

ముందుగ మన జలాశయముల మాట. మా ఊరి చెరువునకును ఊరికిని పేరిచ్చినవాడు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా. ఆయన 1550 నుండి 1580 వరకు రాజ్యము చేసెను. అంతకు పూర్వము విజయనగరమున ఏడేండ్లు తలదాచుకొని, తెలుగు రుచి మరగినవాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని కొనియాడిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకిత మిచ్చెను. హుస్సేన్ సాగరమును ఆయన కాలముననే 1562 ప్రాంతమున నిర్మించిరి. ఈ జలాశయములను త్రవ్వించినది పైరులకు, దప్పికకు. వీనిపై తెరచాప ఎత్తి పందెము వేయు కాలము వచ్చునని ఆ సుల్తాను తలచి యుండడు. ఆ కాల మెట్లు వచ్చినదో తుదిలో చెప్పుదుము.

తెరచాప పడవకు గాలి మిత్రము. నీరు మిత్రమే గాని శత్రువు కూడ. నీరు పడవను మోయును, మోసిన కూలి వసూలు చేయును. పడవ సాగుకొలది తన ముందొక అలను తానే లేపుకొని, ఆ అల గుంతలో తానే చిక్కుకొనును. ఎంత గాలి వీచినను ఆ అలను ఎక్కి దాటుట దుర్లభము. పడవ పొడవైనకొద్ది అల పొడవగును, వేగము కొంత హెచ్చును. కావుననే పూర్వులు వేగము కావలసినప్పుడు పొడవైన ఓడలను కట్టిరి. రెండవ ఉపాయము పడవను సన్నము చేయుట. ఇరుకైన దూలములను జంటగ కట్టి దొడ్డిదారిన నీటిని మోసపుచ్చుట మన కోరమాండల్ తీరపు జాలరులకు తెలిసిన విద్యయే. కట్టుమరము అను తమిళపదమే నేడు కాటమరన్ అను పేర, రెండు డొక్కల పడవలకు ప్రపంచమంతట వాడుకలో నున్నది.

మూడవ ఉపాయము నీటిని విడిచిపెట్టుట. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు చిక్కనిది. కావున విమానమునకు అంతంత రెక్కలు కావలసిన చోట, నీటిలో పలకవంటి చిన్న రెక్క టన్నుల బరువును ఎత్తగలదు. వేగము రెట్టింపైనచో ఎత్తు బలము నాలుగు రెట్లగును. పడవ లేచినంతనే డొక్కకు నీటి రాపిడి తప్పును. మిగిలిన రాపిడి ఆ సన్నని రెక్కలదే. వినుటకు సులభమే. చేసి చూపుటకు మాత్రము ఒక శతాబ్దము పట్టినది.

1906లో ఇటలీదేశస్థుడు ఎన్రికో ఫోర్లానినీ మజ్జోరే సరస్సుపై, మెట్లవలె అమర్చిన రెక్కలతో, ఇంజను పడవను గంటకు 68 కిలోమీటర్ల వేగమున నడిపెను. 1911లో ఆ పడవ నెక్కి ఆనందించినవారిలో టెలిఫోను సృష్టించిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒకడు. ఆయనయు సహచరుడు కేసీ బాల్డ్విన్‌యు కెనడాలోని బ్రా డోర్ సరస్సుపై ప్రయోగములు సాగించి, 1919 సెప్టెంబరు 9న హెచ్‌డి-4 అను పడవను గంటకు 114 కిలోమీటర్లు పరుగెత్తించిరి. టెలిఫోను కనిపెట్టిన వృద్ధుడు నీటిపై ఇంత వేగము చూపెనని ఎందరికి తెలియును?

అవి ఇంజను బలముతో లేచినవి. గాలి బలముతో లేపుటకు ఇంకను ఆగవలసి వచ్చెను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు గోర్డన్ బేకర్ అను ఇంజనీరు మానిటర్ అను తెరచాప పడవకు నిచ్చెనవంటి రెక్కలు కట్టి, 30 నాట్ల వేగమును సాధించెను. నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు. అదియు సరస్సుల నాడే. పిదప ఆ విద్య కొందరు ఔత్సాహికుల పాలై, చాల కాలము మూలపడినది.

దానిని మరల వెలికి తెచ్చినది మాత్ అను 11 అడుగుల పడవ. మాత్ అనగా చిమ్మటపురుగు. 1928లో ఆస్ట్రేలియాలోని ఇన్వర్‌లాక్ అను ఊరిలో లెన్ మారిస్ దీనికి శ్రీకారము చుట్టెను. ఒక్క మనిషి నడుపునది. పొడవును మించకున్నచో ఎవరి తెలివి వారు చూపవచ్చునని దాని నిబంధన. ఆ వెసులుబాటే విద్యకు ప్రాణమైనది. 2000 తరువాత పెర్త్ నగరపు ఇలెట్ సోదరులు దీనికి నీటిరెక్కలు పెట్టి కుదుర్చుకొనిరి. ముందు భాగమున ఒక పుల్ల వ్రేలాడుచు నీటిని తాకుచుండును. పడవ ఎంత ఎత్తున నున్నదో ఆ పుల్లయే పసిగట్టి, రెక్క అంచును వంచి, ఎత్తును సరిచేయును. మీటరు పొడవు పుల్ల చేయు ఆ పనిని చూచినప్పుడు మాకు ఏతాము గుర్తుకు వచ్చును. 2005లో రోహన్ వీల్ రెక్కల మాత్‌పై ప్రపంచ విజేత అయ్యెను. ఆ నాటినుండి రెక్కలు లేని మాత్‌ను ఎవరును లెక్కచేయరు.

ఇక పెద్ద పందెము. అమెరికాస్ కప్ అను ఈ పోటీ 1851 ఆగస్టు 22న ఇంగ్లండునకు దక్షిణమున నున్న వైట్ ద్వీపము చుట్టు జరిగిన పందెముతో పుట్టినది. గెలిచిన పడవ పేరు అమెరికా. పోటీకి ఆ పేరే నిలిచినది. న్యూయార్కు యాట్ క్లబ్బు ఆ కప్పును 132 ఏండ్లు విడువలేదు. 1983లో ఆస్ట్రేలియా-2 అను పడవ, బెన్ లెక్సెన్ రూపొందించిన రెక్కలుగల కీల్ మహిమచే, 3–1 వెనుకబడి యుండియు 4–3తో కప్పును ఎగరేసుకొని పోయెను. ఆ రెక్కలు పడవను లేపునవి కావు గాని, రెక్క అను మాటకు ఆ నాడే గౌరవము కలిగినది.

2013లో సాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమున జరిగిన పోటీయే మమ్ము ఈ వ్యసనమునకు దింపినది. 72 అడుగుల కాటమరన్‌లు. వానిపై 40 మీటర్ల ఎత్తున, విమానపు రెక్కను నిలువుగ నాటినట్లు గట్టి తెరచాప. నిబంధనలు వ్రాసినవారు ఈ పడవలు ఎగురునని అనుకొనలేదు. న్యూజిలాండువారు నిబంధనలలోని సందును వెదకి, పక్క పలకలనే రెక్కలుగ వంచి, 2012లో తమ పడవను నీటినుండి లేపిరి. మిగిలినవారు దిగ్భ్రాంతులై వారి మార్గమునే త్రొక్కిరి.

ఆ తొందరపాటుకు మూల్యము కూడ చెల్లించవలసి వచ్చినది. 2013 మే 9న స్వీడన్ పక్షపు ఆర్టెమిస్ పడవ అభ్యాసములో తలక్రిందులై విరిగెను. ఒలింపిక్ స్వర్ణ, రజత పతకములు గెలిచిన బ్రిటిష్ నావికుడు ఆండ్రూ సింప్సన్ ఆ శకలముల క్రింద చిక్కి మరణించెను. ఇట్టి పడవల వేగమును చూచి చప్పట్లు కొట్టు మావంటివారు ఆ పేరును మరువరాదని మా అభిప్రాయము.

సెప్టెంబరు 7న ఆరంభమైన తుది పోటీలో తొమ్మిది పాయింట్లు చేరినవారిది కప్పు. కప్పును కాపాడుకొనుచున్న ఒరాకిల్ పక్షమువారికి, అంతకుముందు చిన్న పడవల పందెములలో నిబంధనకు విరుద్ధముగ బరువు చేర్చినందులకు రెండు పాయింట్లు కోతపడినవి. న్యూజిలాండు 8, ఒరాకిల్ 1 అను స్థితి వచ్చినది. ఇంకొక్క పందెము గెలిచినచో కథ ముగియును. న్యూజిలాండు ప్రభుత్వము తన ఖజానానుండి 3 కోట్ల 60 లక్షల డాలర్లు పెట్టినది; ఆ చిన్న దేశము ఊపిరి బిగబట్టి చూచుచున్నది. సెప్టెంబరు 20న గాలి మందగించినది. న్యూజిలాండు పడవ చాల ముందున్నది. కాని పందెమునకు 40 నిమిషములే గడువు. గీత దాటకముందే గడువు తీరెను. పందెము రద్దు. గాలి చేసిన ఈ పరిహాసము తరువాత ఒరాకిల్ వరుసగ గెలుచుచు వచ్చినది. ఆ పక్షమువారు దినదినము పడవను సవరించుచు, గాలికెదురుగ పోవునప్పుడు కూడ రెక్కలపై లేచి నిలుచుట నేర్చుకొనిరి. నాయకుడు జిమ్మీ స్పిట్‌హిల్; వ్యూహకర్తగ నడుమ వచ్చి చేరినవాడు బెన్ ఐన్‌స్లీ. సెప్టెంబరు 25న తుది లెక్క 9–8. అక్కడ మధ్యాహ్నము, మనకు అర్ధరాత్రి దాటిన వేళ. న్యూజిలాండు నాయకుడు డీన్ బార్కర్ ముఖము చూచి మాలో ఒకరు ఆ రాత్రి నిద్రపోలేదు.

తరువాతి కథ సంక్షిప్తము. 2017లో బెర్ముడాలో న్యూజిలాండు 7–1తో పగ తీర్చుకొనెను. చేతితో త్రిప్పు పనికి బదులు సైకిలు తొక్కినట్లు కాళ్ళతో త్రొక్కి నూనె ఒత్తిడి పుట్టించుట వారి క్రొత్త ఉపాయము. 2021లో ఆక్లండులో 7–3, 2024లో బార్సిలోనాలో 7–2. మూడు మారులును చుక్కాని పట్టినవాడు పీటర్ బర్లింగ్. ఈ రెండు పోటీలలోను 75 అడుగుల ఒంటి డొక్క పడవలు, మిడుత కాళ్ళవంటి చేతులతో నీటిని తాకుచు, గాలి వేగమునకు రెండు మూడు రెట్లు పరుగెత్తినవి. గాలిని మించి పరుగెత్తుట ఎట్లని అడుగుదురు. పడవ పక్కగ పరుగెత్తుచు తన పరుగుచేత తానే క్రొత్త గాలిని పుట్టించుకొనును. సైకిలుపై పోవువానికి నిశ్చలమైన దినమున కూడ ఎదురుగాలి తగులుట వంటిది.

క్రొత్తగ చూచువారికి ఒక్క సూచన. ఎవరు ముందున్నారో చూడవలదు. డొక్క నీటిని తాకునా లేదా అని చూడుడు. మలుపు తిరుగునప్పుడు డొక్క జారి నీటిలో పడినచో, క్షణములో ఆధిక్యమంతయు ఆవిరియగును. ఈ వేగమునకు ప్రకృతి పెట్టిన హద్దు కూడ ఒకటి కలదు. 50 నాట్ల ప్రాంతమున రెక్క పైభాగమున ఒత్తిడి తగ్గి, నీరు చల్లగ నుండియే మరుగును, పట్టు జారును. ఆ హద్దును లక్ష్యపెట్టక, వేరు తీరు రెక్కతో పాల్ లార్సన్ 2012లో నమీబియాలో సగటున 65.45 నాట్లు పరుగెత్తెను.

ఇంతకు మన సాగరము మాట. సికిందరాబాదులోని సైనికుల ఈఎంఇ సెయిలింగ్ సంఘమువారును, హైదరాబాదు యాట్ క్లబ్బువారును హుస్సేన్ సాగరముపై తెరచాప విద్యను నేర్పుచున్నారు. బీద కుటుంబముల పిల్లలు కూడ అచ్చట నేర్చినారు. వారి పడవలు ఆప్టిమిస్ట్, లేజర్ వంటివి. బ్రూస్ కిర్బీ గీసిన లేజర్ నేడు ఇల్కా అను పేర నున్నది. రెక్కలు లేవు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోని 10 తెరచాప పోటీలలో 5 రెక్కలవే. మన దేశపు విష్ణు శరవణన్, నేత్రా కుమనన్ పోటీ చేసినది రెక్కలు లేని ఇల్కాలపైననే. రాబోవు తరమువారు ఆ రెండవ సగములో అడుగుపెట్టవలెనన్నచో లోతైన, శుభ్రమైన నీరు కావలెను. రెక్క నీటిలో మీటరు లోతున పరుగెత్తును. గుర్రపుడెక్క కాడయొకటి చుట్టుకొన్నను పడవ బోర్లపడును. హుస్సేన్ సాగరమున ఆ గుర్రపుడెక్క, నిమజ్జనపు మిగులు, నగరపు మురుగు ఎంతకాలమునుండి యున్నవో శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. మా పెద్దచెరువు విషయమున చిక్కు వేరు. అది ఎండిపోయిన ఏండ్లు అనేకము. ఇబ్రహీం కుతుబ్ షా మోటబావి రైతును తలచి కట్టించిన గట్టునకు, ఎగువ కాలువలు పూడిపోయినచో, తెప్పకే నీరు చాలదు.

వర్షాకాలమున, జూలై ప్రాంతమున, హుస్సేన్ సాగరముపై లేజర్ పడవల పోటీలు జరుగును. గాలి కట్టడముల నడుమ దిక్కు మార్చుచు వచ్చును. పిల్లలు బుద్ధవిగ్రహము దిక్కున తెల్లని తెరచాపలను వంచుచు మరలుదురు. ట్యాంక్‌బండ్ గోడ నానుకొని నిలిచి చూచుటకు టిక్కెట్టు లేదు.