ఉప్పలగుప్తం శివారు భూములు: కాలువ నీరు, నోటిమాట కౌలు

కోనసీమ వ్యవసాయాభివృద్ధి చరిత్రను ధవళేశ్వరంతో ప్రారంభించడం పరిపాటి. 1832–33 నాటి నందన కరువు తరువాత సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మధ్య డెల్టాకు కాలువలు వచ్చాయి, వరి స్థిరపడింది. ఈ కథనం నిజమే కాని, ఇది ఆనకట్ట వద్ద నిలబడి చెప్పిన చరిత్ర. అదే చరిత్రను సముద్రతీరాన ఉన్న ఉప్పలగుప్తం నుండి పరిశీలిస్తే నీటి రాక కంటే నీటి పోక ప్రధానమైన ప్రశ్నగా కనిపిస్తుంది.

ఈ మండలం కాలువలకు శివారు, మురుగుకు దారి. ఎగువ పొలాల్లో మిగిలిన నీరు, వాననీరు కలిసి ఈ ప్రాంతపు డ్రెయిన్ల మీదుగానే కడలి చేరాలి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ నీరు వెనక్కి తన్నుతుంది. మొగలో ఇసుక మేటవేస్తే పల్లపు చేలు రోజుల తరబడి మునిగి ఉంటాయి. దాళ్వాలో శివారుకు నీరందదు, సార్వాలో అందిన నీరు దిగదు. సాగునీటి కాలువలపై పాలకులు చూపిన శ్రద్ధ మురుగు కాలువలపై ఏనాడూ చూపలేదనడం అతిశయోక్తి కాదు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలను బీడు పెట్టారు. ముంపుతో పాటు పెరిగిన పెట్టుబడి, గిట్టుబాటు కాని ధర, కూలీల కొరత ఇందుకు కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించింది. 2022లో మరల అదే నిర్ణయం వెలువడింది. ఊళ్ళకు ఊళ్ళు ఒక్క మాట మీద నిలబడడం విశేషమే. అయితే ఆ మాట బరువు అందరిపై సమానంగా పడలేదు. భూయజమానికి పోయింది ఆ పంట కౌలు మాత్రమే. కౌలుదారుకు పోయింది ఆ కారు బ్రతుకు. నాట్లు వేసే స్త్రీలకు పోయినవి కూలి దినాలు. పంట విరామాన్ని రైతు ఉద్యమంగా మాత్రమే చదివే వ్యాసాలు ఈ తేడాను దాటవేస్తున్నాయి.

ఇక్కడే స్థానిక సంస్కృతి ప్రస్తావన అవసరమవుతుంది. ఈ ప్రాంతంలో కౌలు చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది. ఎకరానికి ఇన్ని బస్తాలని ఒప్పుకుంటే చాలు, కాగితం ఉండదు. దీనిని కేవలం ఆచారమని సరిపెట్టుకోలేము. ఆంధ్ర ప్రాంతానికి వర్తించే 1956 కౌలుదారీ చట్టం కౌలుదారుకు రక్షణ కల్పించింది. వ్రాస్తే హక్కు పుడుతుందన్న భయంతో యజమానులు వ్రాయడం మానుకున్నారు. పరస్పర విశ్వాసం, పరస్పర అనుమానం రెండూ ఆ నోటిమాటలోనే ఉన్నాయి.

దీని ఫలితం నీటి నిర్వహణలోనూ కనబడుతుంది. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు నిర్వహణ చట్టం కాలువల బాధ్యతను నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించింది. భూమి హక్కుల రికార్డులో నమోదైన కౌలుదారుకు అందులో సభ్యత్వముంది. రికార్డుకెక్కనివారికి లేదు. మునిగేది ఎవరి పైరో వారికే డ్రెయిన్ పూడికతీతపై చెప్పే అధికారం లేకపోయింది. 2011 నాటి చట్టం రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందాన్ని ప్రవేశపెట్టి, దానివలన భూమిపై ఏ హక్కూ రాదని యజమానికి హామీ ఇచ్చింది. అయినా పత్రంపై యజమాని సంతకం తప్పనిసరి.

ఈ-క్రాప్ నమోదు ఈ వరుసలో తాజా సాధనం. గ్రామ వ్యవసాయ సహాయకులు చేలోకి వెళ్ళి, అక్షాంశ రేఖాంశాలతో సహా పంటను ఫోనులో చిత్రిస్తారు. బీమా, నష్టపరిహారం, ధాన్యం కొనుగోలు ఆ నమోదును అనుసరిస్తాయి. ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉన్నదో ఫోను చెప్పగలదు. ఆ పైరు ఎవరిదన్న గడిలో పేరు నింపవలసి వచ్చినప్పుడు మాత్రం, ఊరు విడిచి నగరంలో స్థిరపడిన పట్టాదారుకు కబురు వెళ్ళవలసిందే.