లూపిట్స్ ఇసుక, మన జీలుగ

గోధుమ కోతలయ్యాక, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రైలులో పోతూంటే కిటికీలోంచి పచ్చటి ఆవపూల చేలు కనబడతాయి. అక్కడక్కడ ఊదారంగు ఫసీలియా పూలు. ఇంత ఆలస్యంగా వేసిన ఆవాలు ఎప్పుడు కాయాలి, ఎప్పుడు కొయ్యాలి అని మేము ఈ దేశం వచ్చిన కొత్తలో ఆశ్చర్యపడ్డాం. అవి కొయ్యటానికి వేసినవి కావు. మంచుకు మాడి నేలలో కలిసిపోవటానికే వేసినవి. కోత తరువాత మట్టిలో మిగిలిన నత్రజని చలికాలపు వానలకు అడుగుకు జారి భూగర్భజలంలో కలవకుండా ఆ మొక్కలు పట్టి వుంచుతాయి. మన ఊళ్ళలో దీనికి దగ్గర చుట్టం వుంది: పచ్చిరొట్ట.

జర్మనీలో పచ్చిరొట్టకు పేరు తెచ్చినవాడు ప్రొఫెసరు కాదు, రైతు. ఆల్బర్ట్ షుల్ట్స్ 1855లో ఆల్ట్‌మార్క్ ప్రాంతంలో లూపిట్స్ అనే ఊళ్ళో భూమి కొన్నాడు. ఉత్త ఇసుకనేల. ఆ నేలలో సున్నపుమట్టి తోలాడు, పొటాష్ ఉప్పు చల్లాడు, లుపిన్ అనే చిక్కుడు జాతి మొక్క వేశాడు. దాని పసుపుపచ్చ పూలగెలలు చూస్తే మనకు జనుము గుర్తుకు వస్తుంది. నత్రజని ఎరువు ఏమీ వెయ్యకుండా ఏళ్ళ తరబడి లుపిన్ పండించాడు. దాని వెనుక వేసిన ధాన్యం పెంట తోలిన చేలోలాగా పండింది. కొన్ని మొక్కలు నత్రజనిని తినేవి, కొన్ని కూడబెట్టేవి అని ఆయన తేల్చాడు. 1881లో తన లెక్కలు అచ్చువేశాడు. ఊరి పేరే ఇంటిపేరై షుల్ట్స్-లూపిట్స్ అయ్యాడు. మనవాళ్ళలో కూడా ఇంటిపేర్లు చాలా ఇట్లా పుట్టినవే గదా!

కాని పండితులు తేలికగా ఒప్పుకోలేదు. అంతకుముందు గీసెన్‌లో పనిచేసిన యూస్టుస్ ఫాన్ లీబిగ్ మాట అప్పట్లో వేదవాక్కు. మొక్కకు కావలసింది ఖనిజాలు, నత్రజని సంగతి వానతో దిగివచ్చే అమోనియా చూసుకుంటుంది అన్నాడు ఆయన. 1840లో వచ్చిన ఆయన పుస్తకం వ్యవసాయ రసాయనశాస్త్రానికి పునాది. ఈ ఒక్క విషయంలో మాత్రం రైతు కన్ను నిజం, పండితుడి లెక్క తప్పు.

ముడి విప్పినవాడు బెర్న్‌బుర్గ్ పరిశోధనాకేంద్రంలోని హెర్మాన్ హెల్‌రీగెల్. ఆయన కుండీలలో కడిగిన ఇసుక పోసి ఓట్లు, బఠానీ పెంచాడు. ఓట్లు వేసిన నత్రజనికి తగినట్టే పెరిగాయి, వెయ్యకపోతే ఎండిపోయాయి. బఠానీ మాత్రం తిక్కగా వుండేది. ఒక కుండీలో చచ్చేది, పక్క కుండీలో ఏమీ వెయ్యకుండానే ఏపుగా లేచేది. కాచి శుద్ధిచేసిన ఇసుకలో అసలు లేవలేదు. దానిలో కాస్త చేనిమట్టి కలిపిన నీళ్ళు పోస్తే లేచింది! మట్టిలోని సూక్ష్మజీవులు వేళ్ళ మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నాయని హెల్‌రీగెల్ 1886లో బెర్లిన్ సభలో చెప్పాడు. విల్‌ఫార్ట్‌తో కలిసి 1888లో పూర్తి వివరాలు ప్రచురించాడు. ఇవాళ మన రైతు బెల్లం నీళ్ళతో విత్తనానికి రైజోబియం పట్టిస్తున్నాడంటే దాని మూలం ఆ కుండీలే.

ఆ రోజుల్లోనే, 1889లో, ఫ్రాంక్‌ఫర్టులో పుట్టిన ఒక రసాయనవేత్త కొడుకు జాన్ ఆగస్టస్ వోల్కర్‌ను బ్రిటిష్ ప్రభుత్వం భారత వ్యవసాయం చక్కదిద్దే మార్గం చెప్పమని పంపింది. 1893 నివేదికలో ఆయన, ఇక్కడి రైతు సగటు ఇంగ్లీషు రైతుకు తీసిపోడని రాశాడు. పప్పుధాన్యాలు కలిపి వెయ్యటం, పంట మార్చటం ఇతనికి తెలుసునని గుర్తించాడు. మనకు ఇది వింత కాదు. డెల్టాలో వరి కోతకు ముందే తడిమడిలో మినుము చల్లటం, మెట్టలో వేరుశనగ మధ్య కందిసాళ్ళు పెట్టటం, దమ్ములో కానుగరొట్ట తొక్కటం చూస్తూ పెరిగినవాళ్ళమే మేము. కారణం జర్మనీవాడు చెప్పాడు, పని మనవాడు ఎప్పటినుంచో చేస్తున్నాడు.

అయితే గాలిలోని నత్రజనిని దించటానికి రెండవ దారి కూడా ఈ దేశంవాళ్ళే కనిపెట్టారు. హాబర్ చూపిన పద్ధతిని బాష్ కర్మాగారానికి ఎక్కించాడు. 1913లో లుడ్విగ్స్‌హాఫెన్ పక్కన ఒప్పావులో అమోనియా తయారీ మొదలయింది. మరుసటేడు యుద్ధం వచ్చింది, ఆ అమోనియా పేలుడు మందులకు పోయింది. 1921 సెప్టెంబరు 21న అదే ఒప్పావులో ఎరువు నిలవ పేలి 500 మందికి పైగా చనిపోయారు. అట్లాగని ఈ దారిని తిట్టటం మాకు ఇష్టం లేదు. యూరియా బస్తా మన పళ్ళెంలో అన్నం పెట్టింది. చిక్కేమిటంటే బస్తా సులువు. జీలుగ చల్లాలంటే తొలకరికి విత్తనం కావాలి, తడి కావాలి, పూతకు వచ్చేదాకా నెలన్నర ఆగాలి, మళ్ళీ కలియదున్నాలి. సులువైనది ఎక్కువ వాడతాం. భూగర్భజలంలో నైట్రేట్లు అరికట్టలేదని 2018లో ఐరోపా న్యాయస్థానం జర్మనీనే తప్పుపట్టింది. ఆ ఆవచేల వెనుక ఈ భయం కూడా వుంది.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లించి నేలను పచ్చగా వుంచుతున్నారు. దానికి ఫ్రాంక్‌ఫర్టులోని కె.ఎఫ్.డబ్ల్యు. బ్యాంకు ఋణం ఇచ్చింది, 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం వచ్చింది. సంతోషమే. కాని మా ఇళ్ళ సంగతి చూసుకుంటే సిగ్గేసింది. మాలో చాలామంది పొలాలు ఊళ్ళో కౌలుకు వున్నాయి. ఏడాదికి ఏడాది నోటిమాట కౌలు. వచ్చే ఏడు ఈ చేను తనదో కాదో తెలియని మనిషి దాని సత్తువ కోసం ఈ ఏడు జీలుగ ఎందుకు చల్లుతాడు? షుల్ట్స్ ఏళ్ళ తరబడి ఆగగలిగాడంటే నేల అతనిది. కిందటి సంక్రాంతి విందులో ఈ మాట వచ్చినప్పుడు మాలో ఇద్దరు ముగ్గురు అక్కడికక్కడే ఊరికి ఫోను చేశారు. అయిదేళ్ళ కౌలు రాసిస్తామంటే అవతల కౌలుదారు నమ్మలేదు. అమ్మేసే ఉద్దేశం ఏమన్నా వుందా బాబూ అని అడిగాడు.