బడి బ్లాగుకు పాఠకులెవరు?

తెలుగు వ్యాసరచన పుస్తకానికి సాధారణంగా ఒక్కరే పాఠకులు. విద్యార్థి రాస్తాడు, ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో దిద్దుతాడు, వేసవి సెలవుల్లో ఆ పుస్తకం పాత కాగితాల బండికి చేరుతుంది. గోడపత్రిక నడిపే పాఠశాలల్లో పాఠకులు మరికొందరు పెరుగుతారు. ఆ గోడపత్రికను ప్రహరీ దాటించగల సాధనం బ్లాగు. బడిలో అంతర్జాల వినియోగమంటే తెర మీద పాఠం చూపడమేనన్న అభిప్రాయం బలంగా ఉన్నందున, విద్యార్థి చేత రాయించే ఈ రెండో మార్గం మరుగున పడింది.

ఏమిటీ బ్లాగు?

'వెబ్‌లాగ్' అన్న మాట 1997లో అమెరికాలో పుట్టింది. దాని కురచ రూపమే బ్లాగు. 1999లో బ్లాగర్ సేవ మొదలయ్యాక కంప్యూటర్ భాషలు తెలియనివారు సైతం సొంత పుట తెరిచే వీలు కలిగింది. తాజా రచన పైన, పాతవి కింద కనిపిస్తాయి. ప్రతి రచన అడుగున చదివినవారు తమ అభిప్రాయం రాయవచ్చు. తెలుగువారు రచనను 'టపా' అని, అభిప్రాయాన్ని 'వ్యాఖ్య' అని పిలుచుకున్నారు. పాఠశాలకు అక్కరకొచ్చేది ప్రధానంగా ఈ వ్యాఖ్యల చోటే.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో విల్ రిచర్డ్‌సన్ అనే ఉపాధ్యాయుడు దీన్ని తొలినాళ్లలోనే గుర్తించారు. తన విద్యార్థులు చదువుతున్న ఒక నవలపై వారితో బ్లాగు రాయించగా, ఆ నవలా రచయిత్రి స్యూ మాంక్ కిడ్ స్వయంగా అందులో సమాధానమిచ్చారు. మార్కుల కోసం రాసిన వ్యాసానికి రచయిత్రి నుంచే జవాబు రావడం ఏ ప్రశ్నపత్రమూ ఇవ్వలేని ప్రోత్సాహం.

పళ్లెం ఫొటోతో కలకలం

పిల్లల రాతకు పాఠకులు పెరిగితే పెద్దలకు ఇబ్బందులూ పెరుగుతాయి. ఇందుకు స్కాట్లాండ్ ఉదంతమే నిదర్శనం. లోక్‌గిల్ఫెడ్ ప్రాథమిక పాఠశాలలో చదువుతున్న తొమ్మిదేళ్ల మార్తా పేన్ 2012లో తండ్రి సహాయంతో 'నెవర్‌సెకండ్స్' అనే బ్లాగు ప్రారంభించింది. బడిలో పెట్టే భోజనాన్ని ఫొటో తీసి, రుచికి పదింట ఎన్ని మార్కులు, ఎన్ని ముద్దలు వచ్చింది, ఆరోగ్యానికి ఎంత మేలు, వెంట్రుకలేమైనా కనిపించాయా అన్న వివరాలను రోజూ రాసేది. రాతలో దూషణ లేదు, లెక్క ఉంది. బహుశా అందుకే అది అంతగా ఆకట్టుకుంది.

వారాల వ్యవధిలోనే వీక్షణలు లక్షలు దాటాయి. ఒక పత్రిక వంట సిబ్బందిని తొలగించాలన్న ధోరణిలో శీర్షిక పెట్టడంతో స్థానిక పాలకమండలి అయిన ఆర్గైల్ అండ్ బ్యూట్ కౌన్సిల్ జూన్‌లో జోక్యం చేసుకుంది. సిబ్బంది ఉద్యోగ భయంతో ఉన్నారంటూ భోజనశాలలో ఫొటోలు తీయరాదని ఆదేశించింది. ఆ బాలిక వీడ్కోలు టపా రాసింది. దేశవిదేశాల నుంచి నిరసన వెల్లువెత్తగా మరుసటి రోజే కౌన్సిల్ నాయకుడు నిషేధాన్ని ఎత్తివేశారు. ఈలోగా ఆ బ్లాగు ద్వారా 'మేరీస్ మీల్స్' సంస్థకు లక్ష పౌండ్లకు పైగా విరాళాలు సమకూరాయి. ఆ సొమ్ముతో ఆఫ్రికాలోని మలావీలో ఒక బడికి వంటశాల నిర్మించారు.

కౌన్సిల్ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. వంట చేసేవారికి జవాబు చెప్పుకునే వేదిక లేదు. అయితే ఆ వేదిక కల్పించడానికి బదులు పిల్ల చేతిలోని కెమెరా మూయించడం పొరపాటు. మధ్యాహ్న భోజనం అమలవుతున్న మన బడుల్లోనూ ఏ విద్యార్థి అయినా సాంబారు గురించి నిజాయతీగా నాలుగు వాక్యాలు రాస్తే ప్రధానోపాధ్యాయుడికి ఇదే సంకటం ఎదురవుతుంది. బ్లాగు తెరవకముందే దీనిపై ఒక నిర్ణయానికి రావడం మంచిది.

చెన్నేకొత్తపల్లి నుంచి పత్రిక

తెలుగునాట పిల్లల రాతను అంతర్జాలానికి చేర్చిన ప్రయత్నాల్లో 'కొత్తపల్లి' ముందువరుసలో నిలుస్తుంది. నాటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లిలోని ప్రకృతిబడి నుంచి 2008లో ఈ బాలల మాసపత్రిక వెలువడింది. అచ్చుతోపాటు వెబ్‌సైట్‌లోనూ అందుబాటులోకి వచ్చింది. పిల్లలు రాసిన, అవ్వాతాతల దగ్గర విని సేకరించిన కథలు, పిల్లలు వేసిన బొమ్మలు అందులో చోటుచేసుకున్నాయి. నగరం నుంచి పల్లెకు పాఠం రావడం మామూలే. ఇక్కడ పల్లె నుంచి కథ బయలుదేరింది.

తెలుగు టైపింగ్ ఒకప్పుడు పెద్ద అడ్డంకి. ఒక్కో పత్రిక వెబ్‌సైట్‌కు ఒక్కో ఖతి ఉండేది. అది లేని కంప్యూటర్‌లో అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపించేవి. యూనికోడ్‌తో ఆ బెడద తీరింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ 'గౌతమి' ఖతిని వెంట తెచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే 'లేఖిని' అందుబాటులోకి రావడంతో తెలుగు బ్లాగులు విస్తరించాయి. 2017లో గూగుల్ తెలుగులో మాటలను రాతగా మార్చే సదుపాయం కల్పించింది. అయితే దాన్ని నమ్ముకున్న పిల్లలకు ఒత్తులు, దీర్ఘాలు నేర్పే పని ఉపాధ్యాయుడిదే.

పైనుంచి కిందికే ప్రవాహం

ప్రభుత్వాల శ్రద్ధ ప్రధానంగా పాఠం చేరవేతపైనే సాగింది. 2017లో ప్రారంభమైన 'దీక్ష' వేదికతో పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. కరోనాతో బడులు మూతపడినప్పుడు తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంపిణీ చేశారు. ఇవన్నీ అవసరమైనవే. కానీ వీటన్నింటిలో విద్యార్థి ప్రేక్షకుడు, మహా అయితే బహుళైచ్ఛిక ప్రశ్నకు జవాబు నొక్కేవాడు.

జాగ్రత్తలు తప్పనిసరి

బడి బ్లాగుకు ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఒక కనెక్షన్, వారానికి ఒక పీరియడ్ చాలు. ఖాతా ఉపాధ్యాయుడి అధీనంలోనే ఉండాలి. వ్యాఖ్యలు ఆయన ఆమోదించాకే కనిపించేలా అమర్చుకోవాలి. పూర్తి పేరు, ఊరు, ఫొటో మూడూ ఒకేచోట పెట్టరాదు. పేరు చూసుకుని మురిసిపోయే పిల్లలకు ఇది కష్టంగానే ఉంటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగానే పరిగణిస్తుంది. వారి సమాచార వినియోగానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కావాలని నిర్దేశిస్తుంది. కాబట్టి ఏడాది మొదట్లోనే తల్లిదండ్రుల సమావేశంలో విషయం వివరించి సంతకాలు తీసుకోవడం ఉత్తమం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మరో చిక్కు వచ్చిపడింది. ఇంటి దగ్గర రాసుకు రమ్మంటే వ్యాసం ఎవరు రాశారో తేలదు. తరగతిలో కాగితంపై చిత్తుప్రతి రాయించి, ఉపాధ్యాయుడు చూశాక టైపు చేయించడం ఒక మార్గం. అంశం కూడా యంత్రానికి తెలియనిదై ఉండాలి. ఊరి చెరువు పేరు ఎలా వచ్చింది, తాతగారు బడికి ఏ దారిన నడిచారు వంటివి అడిగితే పిల్లలు ఇంట్లోవారిని ఆశ్రయించక తప్పదు.

ఉచిత సేవలు శాశ్వతమనుకోరాదు. లక్షల సొంత పుటలకు ఆశ్రయమిచ్చిన జియోసిటీస్‌ను 2009లో, గూగుల్ ప్లస్‌ను 2019లో మూసివేశారు. ఏడాది చివర మంచి టపాలను అచ్చుతీసి బడి గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచితే, సేవ ఆగిపోయినా పిల్లల రాతలు దక్కుతాయి.