తొలి తెలుగు టాకీకి పాటలు కూర్చిన తెలంగాణ నాటకకర్త చందాల కేశవదాసు

ప్రత్యేక వ్యాసం

తెలుగు నాట పౌరాణిక నాటకానికి తెర లేచే ముందు నటీనటులందరూ వేదికపై వరుసగా నిలిచి, చేతులు జోడించి ప్రార్థన గీతం ఆలపించడం అనూచానంగా వస్తున్న ఆచారం. ఆ ప్రార్థన వినని నాటకాభిమాని ఉండడు. కాని దానిని రచించిన కవి ఎవరని అడిగితే సమాధానం చెప్పగలవారు కొద్దిమందే. బహుళ ప్రచారం పొందిన ఆ రంగస్థల ప్రార్థనకు కర్తగా ప్రసిద్ధులైన చందాల కేశవదాసు, తొలి తెలుగు టాకీ చిత్రానికి పాటలు రాసి, తెలుగు సినిమా తొలి గేయ రచయితగా కూడా చరిత్రలో నిలిచారు. నాటక రంగం నుండి చలనచిత్ర రంగానికి సాగిన తెలుగు రచయితల పరంపరకు ఆయనే ఆద్యులు.

జననం – స్వస్థలం

కేశవదాసు 1876 జూన్ 20న జక్కేపల్లి గ్రామంలో పాపమ్మ, లక్ష్మీనారాయణ దంపతులకు జన్మించారు. ఈ గ్రామం నేడు ఖమ్మం జిల్లా కూసుమంచి మండలంలో ఉన్నది. ఆయన జీవితంలో అత్యధిక భాగం గడిచిన నిజాం పాలనా కాలంలో ఖమ్మం ప్రాంతం వరంగల్ జిల్లాలో అంతర్భాగం. హనుమకొండ సమీపాన గల ధర్మసాగర్ మొదలు ఖమ్మం సీమ వరకు ఆనాడు ఒకే జిల్లా పాలనలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఖమ్మం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఆ విధంగా కేశవదాసు వరంగల్, ఖమ్మం సీమలు రెండింటికీ చెందిన ఉమ్మడి సాహితీ సంపద.

అష్టావధానిగా, హరికథకునిగా, నాటకకర్తగా, ఆయుర్వేదం తెలిసినవారిగా, పల్లెలో బాలబాలికలకు చదువు చెప్పిన ఉపాధ్యాయునిగా ఆయన బహుముఖ ప్రజ్ఞ కనబరచారు.

తెలుగుకు బడిగా నిలిచిన రంగస్థలం

కేశవదాసు కృషిని సరిగా అంచనా వేయాలంటే ఆనాటి హైదరాబాదు సంస్థానంలో తెలుగు స్థితిని గుర్తుచేసుకోవాలి. పాలనా వ్యవహారాలు, న్యాయస్థానాలు, ఉన్నత విద్య ఉర్దూ భాషలో సాగేవి. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైతం బోధన భాష ఉర్దూయే. బహిరంగ సభ జరపాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన ‘గస్తీ నిషాన్ 53’ ఉత్తర్వు ప్రజా కార్యక్రమాలకు పెద్ద అవరోధంగా పరిణమించింది. ఇట్టి పరిస్థితులలో తెలుగు పద్యం, తెలుగు పాట అక్షరం రాని సామాన్యునికి చేరడానికి హరికథ, యక్షగానం, నాటకం ముఖ్య సాధనాలయ్యాయి. గుడి ముంగిట, జాతర వేళ, కోతలు ముగిసిన తరువాత ప్రదర్శించే నాటకమే గ్రామీణునికి భాషను, పురాణాన్ని నేర్పే బడి.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలసి పట్టణాలలో తెలుగుకు ఊపిరి పోశాయి. పల్లెలలో ఆ బాధ్యతను కేశవదాసు వంటి కవులు, కథకులు ఏ సంస్థ అండా లేకుండా నిర్వర్తించారు.

నాటకకర్తగా

ఆయన నాటకాలలో ‘కనకతార’ విశేష ఖ్యాతి గడించింది. ‘బలిబంధనం’ మొదలైన నాటకాలను, అనేక హరికథలను, శతకాలను, కీర్తనలను కూడా ఆయన రచించారు.

ఆనాటి రంగస్థలంపై ధ్వనివర్ధకాలు లేవు. హార్మోనియం శ్రుతిపై నటుడు స్వయంగా పాడవలసిందే. చివరి వరుసలో నేలపై కూర్చున్న ప్రేక్షకునికి సైతం ప్రతి పదం స్పష్టంగా వినిపించాలి. కాబట్టి నాటకకర్త పాటలో పలుకుబడి తేలికగాను, భావం తేటగాను ఉండవలసి వచ్చేది. దీర్ఘ సమాసాలతో చదువరిని మెప్పించడం వేరు; తెల్లవారుజాము వరకు మేలుకొని వినే శ్రోతను నిలబెట్టడం వేరు. ఈ రెండవ విద్యలో కేశవదాసు ఆరితేరారు. అదే ఆయనను చలనచిత్రం వైపు నడిపించింది.

తొలి తెలుగు టాకీ

1931 మార్చి 14న విడుదలైన ‘ఆలం ఆరా’తో భారతదేశంలో మాటలాడే చిత్రాల శకం ఆరంభమైంది. అదే సంవత్సరం అక్టోబరు 31న తమిళ, తెలుగు సంభాషణలు కలగలిసిన ‘కాళిదాస్’ విడుదలైంది. దాని దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. అనంతరం ఆయన దర్శకత్వంలో బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ నిర్మించిన ‘భక్త ప్రహ్లాద’ పూర్తి తెలుగు సంభాషణలు గల మొట్టమొదటి చిత్రంగా రూపొందింది.

ఈ చిత్రం ఆద్యంతం నాటక రంగంపై ఆధారపడినదే. ‘ఆంధ్ర నాటక పితామహుడు’గా పేరొందిన బళ్ళారి వాస్తవ్యులు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) రచించిన నాటకం దీనికి మూలం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ఆవిర్భవించిన సురభి నాటక సమాజం ఈ నాటకాన్ని ప్రదర్శిస్తూ ఉండేది. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపునిగా మునిపల్లె సుబ్బయ్య నటించారు. తదనంతర కాలంలో దర్శక నిర్మాతగా సుప్రసిద్ధులైన ఎల్.వి. ప్రసాద్ ఇందులో ఒక చిన్న పాత్ర ధరించారు.

నేపథ్య గానం అప్పటికి వాడుకలో లేదు. చిత్రీకరణ జరుగుతుండగానే నటులు పాడాలి. వాద్యకారులు కెమెరా కంటికి కనిపించకుండా సమీపాన ఉండి వాయించాలి. పాడగల నటి, పాడించగల కవి ఉంటేనే టాకీ సాధ్యమయ్యేది. ఈ ఇరువురినీ రంగస్థలమే సమకూర్చింది. నాటకంలోని పద్యాలకు తోడు చిత్రానికి అవసరమైన పాటలను కేశవదాసు రచించగా, కమలాబాయి ఆలపించారు. అప్పటికి ఆయన వయసు 55 సంవత్సరాలు. జీవితమంతా పల్లె వేదికకు పాటలు కట్టిన కవి ఆ వయసులో ఒక నూతన యంత్ర కళకు తొలి తెలుగు పాటను అందించడం అపూర్వమైన విషయం.

‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైనట్లు దశాబ్దాల పాటు భావిస్తూ వచ్చారు. అయితే ఆ చిత్రం 1932 జనవరి 22న సెన్సారు పూర్తిచేసుకుని, అదే సంవత్సరం ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో విడుదలైనదని పాత్రికేయులు రెంటాల జయదేవ పరిశోధనలో వెల్లడైంది.

వెండితెరపై ‘కనకతార’

తొలి టాకీ వచ్చిన అయిదేళ్లకు కేశవదాసు నాటకమే వెండితెరకెక్కింది. సరస్వతీ టాకీస్ పతాకాన హెచ్.వి. బాబు దర్శకత్వంలో 1937లో ‘కనకతార’ చిత్రం వెలువడింది. ప్రముఖ నటి కన్నాంబ ఇందులో నటించారు. పురాణ కథలే టాకీలుగా వస్తున్న ఆ రోజులలో, కల్పిత ఇతివృత్తంతో కూడిన ఒక రంగస్థల నాటకం చిత్రంగా రూపొందడం గమనార్హం. 1956లో అదే పేరుతో మరొక చిత్రం కూడా వచ్చింది.

తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను పరిచయం చేస్తూ ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో వెలువరించిన సంగతి సుప్రసిద్ధం. అంతకు రెండేళ్ల ముందే తెలంగాణ పల్లెకు చెందిన కవి పాట బొంబాయి టాకీలో వినిపించింది. ఆ ఆక్షేపణ ఎంత నిరాధారమైనదో తెలుపుటకు ఈ ఒక్క నిదర్శనం చాలు.

మిగిలిన ఆనవాళ్లు

కేశవదాసు 1956 మే 14న, ఎనభయ్యవ ఏడు నిండడానికి నెల రోజుల వ్యవధి ఉండగా పరమపదించారు. మరి కొద్ది నెలలకు, అదే సంవత్సరం నవంబరు 1న, తెలుగు ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించింది.

ఆయన పేరు మరుగున పడటానికి కారణాలు లేకపోలేదు. తొలి తెలుగు టాకీ ప్రతి ఒక్కటైనా నేడు లభ్యం కావడం లేదు. ఆనాటి ప్రేక్షకులు విన్న రీతిలో ఆ పాటలను నేడు తెరపై చూసే అవకాశం లేదు. రంగస్థల రచనల విషయం కూడా అటువంటిదే. నాటక సమాజాలు చేతిరాత ప్రతులతో, నోటి పాఠంతో ఊరూరా తిరిగే క్రమంలో పాట నిలిచేది, కవి పేరు జారిపోయేది. ప్రార్థన గీతం ఇందుకు తిరుగులేని ఉదాహరణ. వేలాది వేదికలపై వినిపించినా, రచయిత పేరు ప్రకటించే ఆనవాయితీ లేనందున అది ఎవరిదో తెలియని పాటగా మిగిలింది.

సాహిత్య చరిత్రకారులు, సినీ పరిశోధకులు శ్రమించి వివరాలు సేకరించిన ఫలితంగా కేశవదాసు పేరు మరల వెలుగులోకి వచ్చింది. నాటక సమాజాల వద్ద, పాత కళాకారుల ఇళ్లలో మిగిలి ఉన్న చేతిరాత ప్రతులు, కరపత్రాలు, పాటల పుస్తకాలు శిథిలం కాకముందే భద్రపరచవలసి ఉన్నది. అంతకంటె సులభమైన పని మరొకటి కలదు. నాటకం ప్రారంభంలో ప్రార్థన ఆలపించే ముందు ఒక్క వాక్యంలో ఆ కవి పేరు ప్రకటించినట్లయితే, తెలుగు రంగస్థలం, తెలుగు సినిమా ఆయనకు పడిన ఋణంలో కొంతయినా తీర్చుకున్నట్లవుతుంది.