చక్కెర బస్తాలు మోసిన రేవు

హైదరాబాద్‌లో తార్నాక నుంచి సాయంత్రం షికారంటే ఉస్మానియా క్యాంపస్, కాస్త ఓపికుంటే ట్యాంక్‌బండ్. మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో జనం కోదాన్‌కి వెళతారు. రేవు పక్కనే హోటళ్లు, సినిమా హాళ్లు, కాసినో, దుకాణాలు. 1847 నాటి అపురూపమైన తపాలా బిళ్లలున్న బ్లూ పెన్నీ మ్యూజియం కూడా అక్కడిదే. మన దగ్గర్నుంచి వెళ్లే కొత్త జంటలు తప్పకుండా ఫొటోలు దిగే చోటు అది.

ఆ చోటు 1996 దాకా ఇలా లేదు.

1735లో ఫ్రెంచ్ గవర్నర్‌గా వచ్చిన లబూర్దొన్నె ఈ రేవును నిలబెట్టాడు. 1810లో ద్వీపం ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావాలి కనుక ఆ ముందు ఏడాది నవంబరు నుంచే మన దేశపు కూలీలను ఒప్పందం మీద దింపడం మొదలుపెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో దాదాపు అయిదు లక్షల మంది ఈ రేవులో దిగారు. తెలుగువాళ్లు గంజాం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లారు. 1843లో మనవాళ్లను తీసుకొచ్చిన ఓడ పేరు ‘కోరింగా ప్యాకెట్’. ఆ పేరులోని కోరింగా కాకినాడ పక్కన ఉన్న కోరంగే. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టడానికి ఒక ఏడాది ముందు, 1917లో, ఇండియాలో ఈ కూలీల ఎగుమతిని ఆపేశారు.

తోటల్లో పండిన చక్కెరంతా ఈ రేవు నుంచే బయటికి పోయేది. బస్తాలకు బస్తాలు మనుషుల వీపుల మీద నడిచేవి. 1938లో రేవు కూలీలు సమ్మె కట్టారు. కార్మిక నాయకుడు ఎమాన్యుయెల్ ఆంక్తిల్‌ను ప్రభుత్వం రోడ్రిగ్స్ దీవికి పంపేసింది. 1971లో మళ్లీ సమ్మె. ఈసారి దేశమంతటా అత్యవసర పరిస్థితి. దేశ రాజకీయాలను కదిలించిన జనం వీళ్లు. బస్తాల మోతను సమ్మెలు ఆపలేదు, యంత్రం ఆపింది. 1980లో బల్క్ షుగర్ టెర్మినల్ వచ్చింది. బస్తా అక్కర్లేకుండా చక్కెర నేరుగా ఓడలోకి పడసాగింది. కంటెయినర్ల పని మేర్ రూజ్ వైపు సాగింది. 1992 ఫ్రీపోర్టు చట్టంతో సరుకు తెచ్చి, నిలవచేసి, మళ్లీ ఎగుమతి చేసే వ్యాపారానికీ దారి పడింది. పాత ఒడ్డు ఖాళీ అయింది. అప్పటికే కేప్‌టౌన్ తన పాత రేవును షికారు చోటుగా మార్చుకుంటోంది. పోర్ట్ లూయిస్ కూడా అదే బాట పట్టింది. ఖాళీ ఒడ్డును పాడుపెట్టకుండా ఊరి జనానికి తెరవడం మంచి పనే.

కానీ కోదాన్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే అప్రవాసీ ఘాట్. 1849లో కట్టిన వలస డిపో ఇది. కూలీలు ఎక్కిన రాతిమెట్లు, వంటశాల ఆనవాళ్లు, మరుగుదొడ్లు, ఆసుపత్రి గదులు ఉన్నాయి. తోటలకు పంపేముందు ఒకటి రెండు రోజులు ఇక్కడే ఉంచేవారు. మిగిలింది మాత్రం పాత డిపోలో సగం కూడా లేదు. హైవే దాని మీదుగా పోయింది. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2014లో పక్కనే వివరణ కేంద్రం తెరిచారు. ఆ రోడ్డుకు ముందే ఈ మెలకువ వచ్చి ఉంటే ఎంత బాగుండేది! కోదాన్‌లో తపాలా బిళ్లకు దక్కిన గౌరవం బస్తా మోసిన వీపుకూ దక్కాలి.

మారిషస్‌లోనే మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కూలీల రిజిస్టర్లున్నాయి. పేరు, వయసు, ఊరు, కొందరివి ఫొటోలు కూడా. తెలుగు రాని గుమాస్తాలు చెవికి వినబడ్డట్టు రాసిన మన ఊళ్ల పేర్లను పోల్చి చెప్పాలంటే తెలుగు తెలిసిన చరిత్ర విద్యార్థులు కావాలి. తార్నాక మీదుగా రోజూ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి వెళ్లే పరిశోధకుల్లో ఇద్దరు ముగ్గురైనా ఈ పని ఎత్తుకుంటే, శ్రీకాకుళంలో ఏ ఊరివాళ్లమో తెలియని మారిషస్ కుటుంబాలకు ఆ ఊరి పేరు దొరుకుతుంది.